బతుకమ్మ పాటల మీద రాస్తున్న బిడ్డకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం నింపాదిగా చదివాను. ఐకమత్యం, ప్రకృతి ఆరాధన, పెద్దల పట్ల గౌరవం, స్త్రీకి గౌరవం అంటూ ఉపశీర్షికలు పెట్టి, ఒక్కొక్క దాని కింద బతుకమ్మ పాటల నుంచి రెండేసి చరణాలు సాక్ష్యంగా చేర్చావు. భాషకు వంక పెట్టలేను. కానీ ఆ ఉపశీర్షికలు పాటలు వినకముందే నీ దగ్గర సిద్ధంగా ఉన్నాయని చదివినవారికి ఇట్టే తెలిసిపోతుంది. పాట విలువను చెప్పదు, దాన్ని ఆచరిస్తుంది, ఒక్కోసారి దానితో తగవు కూడా పడుతుంది. నువ్వు రాయవలసింది ఆ సంగతే.

చరణాలు ఎత్తి రాసేటప్పుడు ప్రతి పాదం చివరా వచ్చే 'ఉయ్యాలో'ను తీసేశావు. పదేపదే వస్తోంది కదా, అచ్చులో చోటు దండగ అనుకుని ఉంటావు. పాట ఎత్తుకునే ఆవిడ ఒక పాదం అందిస్తే, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగేవారంతా దాన్ని మళ్లీ అంటారు. ఆ కాస్త వ్యవధిలో ఆమె తర్వాతి పాదాన్ని జ్ఞాపకం చేసుకుంటుంది. పాటలో ఒక్క ముక్క రాని కొత్త కోడలైనా, సెలవులకు పట్నం నుంచి వచ్చిన పిల్లయినా ఆ ఒక్క 'ఉయ్యాలో' అందుకుంటే చాలు, అందరిలో కలిసిపోతుంది. నువ్వు ఐకమత్యం అని పేరు పెట్టిన గుణం ఏ చరణంలోనూ లేదు, నువ్వు కొట్టేసిన ఆ మాటలో ఉంది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, సంబరం పెరిగింది, మంచిదే. అయితే ఇప్పుడు చాలాచోట్ల డీజే పెట్టె పాడుతుంటే ఆడవాళ్లు అడుగు మాత్రమే వేస్తున్నారు, పాటను తిరిగి అనే పని వారికి లేకుండా పోయింది. నిందించకుండా, చూసింది చూసినట్టుగా ఆ సంగతి మీద ఒక పేరా రాయి.

'పెద్దల పట్ల గౌరవం' కింద నువ్వు కలవారి కోడలి పాటను ఉదాహరించావు. అన్నగారు వచ్చి పుట్టింటికి రమ్మంటే కోడలు అత్తమామల అనుమతి అడుగుతుంది కాబట్టి అది వినయాన్ని నేర్పే పాట అన్నావు. మళ్లీ విను. పాట మొదలయ్యేసరికి కోడలు కడవలో పప్పు పోసి కడుగుతోంది. అన్నకు కాళ్లకు నీళ్లిస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తుంది. అత్త పీట మీద కూర్చుని ఉంది, మామ పట్టెమంచం మీద పడుకుని ఉన్నాడు, బావగారు భారతం చదువుకుంటున్నాడు. అనుమతి అడిగితే, తనకు తెలియదు, మరొకరిని అడగమంటూ దాటవేస్తారు. ఎవరినీ ఒక్క మాట అనకుండానే, ఆ ఇంట్లో పని చేసేదెవరో, కూర్చునేదెవరో పాట పూసగుచ్చినట్టు చెబుతుంది. చివరికి భర్త చీర కట్టుకో, సొమ్ములు పెట్టుకో, వెళ్లి రమ్మని పంపుతాడు. వినయం ఉంది, కాదనను. ఆ వినయం ముసుగులోనే ఆ ఇంటి తీరు మీద ఫిర్యాదు కూడా ఉంది. ఈ పాట పాడిన సాయంత్రమే, అదే గొంతులు, అత్తింట్లో అణిగిమణిగి ఉండమని బిడ్డకు బుద్ధులు చెప్పే పాట కూడా పాడతాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి రాయి, ఒకదాన్ని దాచి రెండోదాన్ని మన సంస్కృతి అనకు.

ధర్మాంగదుడనే రాజు కథ చెప్పే పాటను 'స్త్రీకి గౌరవం' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నూరుగురు కొడుకులు యుద్ధంలో హతమయ్యాక, తపస్సు చేసిన దంపతులకు లక్ష్మీదేవే బిడ్డగా పుడుతుంది; ఈ బిడ్డయినా బతకాలని అందరూ దీవిస్తారు. అందులో గౌరవం కన్నా ముందు కడుపుకోత ఉంది. దాన్ని వదిలేస్తే కథలో బలమే పోతుంది.

'ప్రకృతి ఆరాధన' అన్న మాట నాకు పెద్దగా రుచించదు, పాఠ్యపుస్తకాల వాసన వేస్తుంది. ఏ పువ్వు ఒప్పును, ఏ కాయ ఒప్పును అని గౌరమ్మను అడుగుతూ సాగే పాట తంగేడును పేరు పెట్టి పిలుస్తుంది. తంగేడు గానీ గునుగు గానీ ఎవరూ తోటలో వేసి పెంచేవి కావు, గట్ల మీదా బీళ్లలోనూ తమంతట తాము పెరిగేవి. వాటిని కోసుకొచ్చి పసుపు గౌరమ్మ కింద వరసలుగా పేర్చడం వర్ణిస్తే చాలు, సిద్ధాంతం అక్కర్లేదు.

పాఠభేదాల్లో ఏది సరైనదని తీర్పు చెప్పకు. ఒక ఊళ్లో ఆరు పాదాలున్న చోట పక్క ఊళ్లో పది ఉంటాయి. కలిపిన పాదం ఎవరి అనుభవంలో నుంచి వచ్చిందో పాడినవారినే అడుగు, వారు ఒప్పుకుంటేనే పేరు వెయ్యి. బిరుదురాజు రామరాజు గారి జానపద గేయ పరిశోధన ముందుగా చదువు; పాటను పండితుల తూకంతో తూచకుండా వినడం ఎలాగో తెలుస్తుంది.

బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాటి నుంచి చివరి రోజైన సద్దుల దాకా నీ చేతిలో తొమ్మిది సాయంత్రాలున్నాయి. మొదటి రోజు ఫోను సంచిలో పెట్టి, చప్పట్లు కొట్టి, పాడు. మర్నాటి నుంచి వారి అనుమతితో రికార్డు చెయ్యి. ఉపశీర్షికలన్నీ తీసేసి, కలవారి కోడలి పాటతో మొదలుపెట్టి తిరగరాసి, దసరా వెళ్లాక పంపు.

ఉంటాను.