వానలో పిట్టల ఫోటోలు మసకగా వస్తుంటే

అన్నా, తలకోనలో వానరోజు తీసిన పిట్టల ఫోటోలన్నీ చీకటిగా, కదిలినట్టు వచ్చాయని, లెన్స్‌కు ఆవిరి కూడా పట్టిందని రాశారు. టెన్షన్ పడకండి, కెమెరా బాగానే ఉంది. చెట్ల కింద వెలుతురు చాలలేదంతే. అపర్చర్ (లెన్స్‌లోకి వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, షటర్ స్పీడ్ 1/500 సెకను పెట్టి, ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200, అవసరమైతే 6400 దాకా పోనివ్వండి. దాంతో వచ్చే గ్రెయిన్‌ను (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన ఫోటోను బాగుచేయడం కష్టం. తెల్లటి మబ్బు ముందు పిట్ట నల్లగా పడుతుంటే ఫోటో ఇంకా వెలుతురుగా వచ్చేలా ఎక్స్‌పోజర్ +1 చేయండి. ఏసీ కారు దిగాక అరగంట కెమెరాను బ్యాగులోనే ఉంచితే ఆవిరి పట్టదు. చినుకులు లెన్స్ మీద పడకుండా ముందు తొడిగే హుడ్ మాత్రం తీయొద్దు.

జోరువానలో పిట్టల వెంట పడకండన్నా, పాపం. వాన వెలిశాక పికిలిపిట్టలు కొమ్మ చివరికొచ్చి, ఒళ్లు విదిల్చుకుని, ఒక్కో ఈకనూ ముక్కుతో దువ్వుకుంటాయి. మంచి ఫోటోలు దొరికేది అప్పుడే.