ఆమె తల నువ్వు దించకు

తమ్ముడూ,

నీ పాత్ర పరిచయం, నెట్‌లో నలుగురూ చేరి టైప్ చేస్తూ కథ నడిపే ఆటలో నువ్వు వేద్దామనుకుంటున్న మొదటి సీనూ అందాయి. భాష బాగుంది. కానీ రెండో పేజీలో ఆగిపోయాను. "అతన్ని చూడగానే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. ఆమె సిగ్గుతో తల దించుకుంది" అని రాశావు. ఆమె ఎవరు? ఎక్కడో ఇంకో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి కదా! తల దించుకుంటుందో, నీ మీదకి చెప్పు విసురుతుందో నీకెలా తెలుసు?

అవతలివాళ్ళ పాత్ర ఏం చేసిందో మనమే రాసెయ్యడాన్ని ఈ టెక్స్ట్ ఆటల్లో పవర్ పోజింగ్ అంటారు. నీ పాత్ర చెయ్యి చాచిందని రాసి ఊరుకో. పట్టుకోవడమా మానడమా అవతలివాళ్ళు టైప్ చేస్తారు. మన తూర్పు భాగోతంలో భామ వేషం మద్దెల కూడా తానే వాయించదు కదా! వర్ణనలోనూ కంటికి కనిపించేదే రాయి: చిరిగిన జేబు, చేతి మీద కాలిన మచ్చ. చిన్నప్పుడే వాళ్ళమ్మ పోయిందన్న సంగతి నీ పాత్రని చూద్దామని "లుక్" అని టైప్ చేసినవాడికి ఎలా కనబడుతుంది?

నాకూ ఇదంతా దెబ్బ తిన్నాకే తెలిసింది. 1999లో విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక నెట్ సెంటర్లో గంటకి 40 రూపాయలిచ్చి ఇలాంటి ఆట ఆడుతూ కూర్చునేవాణ్ణి. మొదటి రాత్రంతా పక్క గదిలోకి పోవడానికి "నార్త్", "నార్త్" అని కొడుతూ ఆటలోని ఖాళీ గదులు తిరిగాను. ఎవరో జాలిపడి "హెల్ప్" అని కొట్టమన్నారు. మర్నాడు జనం ఉన్న సత్రం దొరికింది. పదిహేను లైన్ల పోజ్, అంటే నా పాత్ర ఏం చేసిందో చెప్పే ముక్క, అల్లి ఎంటర్ నొక్కేసరికి అందరూ లేచి వెళ్ళిపోయారు! మూడు లైన్లు చాలు, తమ్ముడూ.

1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, తర్వాత రిచర్డ్ బార్టిల్ ఈ రకం ఆటల్లో మొదటిదైన మడ్ కట్టినప్పుడు అందులో ఒక్క బొమ్మ లేదు, అన్నీ మాటలే. ఇప్పుడు పత్రికలవాళ్ళు కథలు రాసే నాకు "విజువల్‌గా రాయండి సార్" అని పాఠాలు చెప్తున్నారు.

పెద్దవాళ్ళ ఆట కాబట్టి ఏదైనా రాయొచ్చా అన్నావు. 18 నిండినవాళ్ళదే కాబట్టి మరీ అడిగి రాయాలి. సీను కొట్లాట వైపో పడక వైపో పోతుంటే పాత్రని పక్కన పెట్టి, ఓఓసీలో, అంటే పాత్రగా కాక నువ్వుగా, "ఇంతవరకూ పరవాలేదా?" అని అడుగు. వద్దంటే దీపం ఆర్పి, తెల్లారిందని రాసెయ్. ఫేడ్ టు బ్లాక్ అంటే అదే.

నాకింత కోపం ఎందుకంటే, ఒకప్పుడు ఒక వారపత్రిక నా కథ చివర మార్చేసింది. నా పాలకొండ విధవరాలు తలుపుకి తాళం వేసి బస్సెక్కుతుంది. ఆ ఎడిటరు గారు ఆవిణ్ణి బస్టాండులో ఏడిపించి, వెనక్కి తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టారు. మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఆవిడ ఏడవదయ్యా!

ఏ ఆటలో చేరాలి, డబ్బులొస్తాయా అన్నవి తర్వాత చూద్దాం. ముందు ఆ రెండో పేజీ మళ్ళీ రాసి పంపు. ఆమె పాత్ర నేను టైప్ చేస్తాను. చెప్పు విసిరినా విసురుతాను.

విజయనగరం నుంచి,
నీ అన్నయ్య