ఎక్కడ ఆపాలో ముందే రాసుకో

చిరంజీవి మనవడికి తాత ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో ఫొటో తీసి పంపిన కాగితం చూశాను. 1,23,45,678కి కారణాంకాలు కడుతూ 2, 3, 3 వరకు చక్కగా వచ్చావు. 6,85,871 మిగిలింది. 43 దాకా భాగించి, ఏదీ పోవడం లేదని ‘ఇది ప్రధాన సంఖ్య’ అని రాసి కింద గీత గీసేశావు. ఇంకొక్క మెట్టెక్కితే 47 దొరికేదిరా!

ఇక మీదట భాగహారం మొదలుపెట్టే ముందే ఎక్కడ ఆపాలో కాగితం మూల రాసుకో. 828 వర్గం 6,85,584. 829 వర్గం 6,87,241. మన సంఖ్య ఈ రెండింటి మధ్య ఉంది కాబట్టి 828 లోపు ప్రధాన సంఖ్యలన్నీ చూడందే తీర్పు చెప్పకూడదు. ఆపైన వెతకక్కర్లేదు. సంఖ్య రెండుగా విడిపోతే, ఆ రెండింట్లో ఒకటైనా వర్గమూలం లోపే ఉండి తీరాలి.

828 అనగానే టెన్షన్ పడకు. ఒక్క కారణాంకం చిక్కిందంటే హద్దు చాలా దగ్గరికి వచ్చేస్తుంది. 47తో భాగిస్తే వచ్చేది 14,593. 121 వర్గమే 14,641 కాబట్టి దీనికి 120 దాకా చూస్తే చాలు. 43 దాకా నువ్వు చూసినవి మళ్లీ చూడొద్దు. పెద్ద సంఖ్యలో పోనివి దాని కారణాంకంలోనూ పోవు. 47ను మాత్రం మళ్లీ చూడాలి, 3 రెండుసార్లు వచ్చినట్టే అదీ రావచ్చు. 47 నుంచి 113 వరకు ఉన్నవి పదహారే. నేను పదహారూ చేశాను. 89 దగ్గర శేషం 86 వచ్చింది, కొద్దిలో తప్పింది! ఏదీ పోలేదు. ఇప్పుడు రాయి, 14,593 ప్రధాన సంఖ్య అని.

ఇంకో మాట. 7, 11, 13ల కోసం మూడు పెద్ద భాగహారాలు చేశావు. ఆ మూడింటినీ గుణిస్తే 1001. మన లక్షల కామాను పక్కనపెట్టి సంఖ్యను 685, 871 అని మూడేసి అంకెలుగా చూడు. 685ను 1001తో గుణిస్తే 685685. దాన్ని తీసేస్తే మిగిలేది 186, అంటే 871లోంచి 685 తీసేసినంతే. 186లో 7, 11, 13 ఏవీ పోవు, కాబట్టి పెద్దదానిలోనూ పోవు. నోటితో అయిపోయే పని.

తొందరపడ్డానని బాధపడకు. 2 ఘాతం 67లోంచి 1 తీసేస్తే వచ్చే 21 అంకెల సంఖ్యను 1644లో ఫ్రెంచ్ గణితవేత్త మెర్సెన్ అంతటివాడే ప్రధాన సంఖ్యల్లో చేర్చాడు. 1903లో అమెరికా గణితవేత్త కోల్ దాన్ని 193707721, 761838257287గా విడగొట్టి చూపించాడు.

ఈ ఆదివారం పక్కనే ఉన్న 1,23,45,679 పట్టు. అందులో 37 పోతుంది, అది నేనే చెప్పేస్తున్నా. మిగిలే 3,33,667కి హద్దు 577. ఆ 577 కూడా ప్రధాన సంఖ్యే, దాన్ని వదిలేయకు. కాగితం ఫొటో తీసి పంపు.

నీ తాత