రెండు చేతులూ తిమ్మిరెక్కాయంటే తేలిగ్గా తీసుకోవద్దు

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. సెలవులకు మా అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు అక్క కొడుకుతో (14 ఏళ్లు) కలిసి టీవీలో చూసిన రెజ్లింగ్ ఆట ఆడారు. పెద్దవాడు మావాణ్ని తలకిందులుగా ఎత్తి మంచం మీద 'పైల్‌డ్రైవర్' వేశాడట. నడినెత్తి పరుపులో దిగబడింది. ఐదు నిమిషాలు రెండు చేతులూ తిమ్మిరెక్కి, కాళ్లలో సత్తువ లేనట్టయిందట. తర్వాత లేచి మామూలుగానే ఆడుకున్నాడు. ఇది జరిగి ఎనిమిది రోజులైంది. మెడ నొప్పి తగ్గలేదు, పుస్తకం పట్టుకుంటే తలనొప్పి అంటున్నాడు. ఎక్స్‌రే తీయిస్తే ఎముకలు బాగున్నాయన్నారు. మా అత్తయ్య రోజూ నూనె వెచ్చబెట్టి మెడ రుద్దుతున్నారు. 'అదంతా నటనే, వాళ్లకే ఏమీ కాదు, పరుపు మీద పడితే వీడికేమవుతుంది' అంటున్నారు మావారు. భయపడాలా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు ఆ రుద్దడం ఆపించండి. మీ అత్తగారు ప్రేమతోనే చేస్తున్నారు, వారిని నొప్పించకుండానే చెప్పండి. లోపల లిగమెంట్లు (పూసలను కలిపి పట్టి ఉంచే పట్టీలు) చిరిగి మెడ వదులైపోయి ఉంటే, రుద్దినా, తిప్పినా, పట్టు విడిపిస్తామని ఎవరైనా విరిచినా వెన్నుపాము నలిగిపోవచ్చు. బాబును ఈరోజే న్యూరోసర్జన్‌కు చూపించండి. అప్పటిదాకా స్కూలు వద్దు, పరుగులు వద్దు, బైకు మీద తీసుకెళ్లడమూ వద్దు. కారులోనో ఆటోలోనో నిదానంగా తీసుకెళ్లండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మెడనొప్పి కాదు. మీరు రాసిన 'రెండు చేతులూ' అన్న మాట. మెడ దగ్గర ఒక పక్క నరం లాగినట్టయితే ఆ పక్క చెయ్యి మాత్రమే జివ్వుమంటుంది. రెండు చేతులూ ఒకేసారి తిమ్మిరెక్కి, కాళ్లూ సహకరించలేదంటే దెబ్బ వెన్నుపాముకే తగిలి ఉంటుందని అనుమానించాలి. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చింది, అదృష్టం. కానీ ఎందుకు జరిగిందో, మెడ ఇప్పుడు నిలకడగా ఉందో లేదో తేలేవరకు అది ముగిసిన విషయం కాదు.

ఎక్స్‌రే బాగుందన్న ధీమా పిల్లల విషయంలో పనికిరాదు. ఎక్స్‌రేలో కనిపించేవి ఎముకలు. వెన్నుపాము కనిపించదు, లిగమెంట్లు కనిపించవు. పిల్లల మెడ లిగమెంట్లు రబ్బరులా సాగుతాయి. దెబ్బ తగిలిన క్షణంలో పూసలు పక్కకు జరిగి, మళ్లీ తమ చోటికి వచ్చేస్తాయి. వెన్నుపాముకు అంతగా సాగే గుణం లేదు. అందుకే ఎముక ఒక్కటీ విరగకుండానే వెన్నుపాము దెబ్బతిన్న పిల్లలు మా దగ్గరికి వస్తుంటారు. మీ బాబుకు మెడ ఎమ్మారై అవసరమవుతుందనే నా అభిప్రాయం. చేతుల బలం, స్పర్శ, నడక పరీక్షించి మీ వైద్యుడు నిర్ణయిస్తారు.

ఇక మీవారి మాట. ఇది చాలా ఇళ్లలో వినిపించేదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే అనుకుంటారు, నిజమే. కానీ పడటం మాత్రం నిజంగానే పడతారు. రింగు కింద ఉండేది ఉక్కు దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పలచటి ఫోము, పైన కాన్వాసు గుడ్డ. అంతే. దాని మీద పడటం నేర్చుకోవడానికే నెలల తరబడి శిక్షణ తీసుకుంటారు. గడ్డం ఛాతీకి అదిమిపెట్టి, బరువంతా వీపు పైభాగం మీద పరుచుకునేలా పడి, చేతులతో నేలను చరుస్తారు. ఎత్తేవాడు ఒక్కడే ఎత్తడు, ఎత్తించుకునేవాడూ సరైన క్షణంలో ఎగిరి సాయపడతాడు. చూసేవాళ్లకు కొట్టుకుంటున్నట్టుంటుంది, నిజానికి ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టుకుని పనిచేస్తుంటారు. మోకాళ్ల మీద వాలే పైల్‌డ్రైవర్‌లో తలకిందులుగా ఉన్నవాడి నడినెత్తి ఎత్తినవాడి తొడల మధ్య, మోకాళ్ల కంటే పైనే ఉండాలి. అప్పుడు నేలను తాకేది ఎత్తినవాడి మోకాళ్లే, తలకిందులుగా ఉన్నవాడి తల కాదు. ఆ నాలుగు వేళ్ల సందు తప్పితే ఇద్దరి బరువూ మెడ మీదికే వస్తుంది.

అలా తప్పింది కూడా. 1997 ఆగస్టు 3న అమెరికాలోని న్యూజెర్సీలో జరిగిన సమ్మర్‌స్లామ్ అనే రెజ్లింగ్ పోటీలో ఓవెన్ హార్ట్ అనే రెజ్లర్, తన ప్రత్యర్థి స్టీవ్ ఆస్టిన్‌కు ఈ పట్టే వేశాడు. మోకాళ్ల మీద వాలకుండా కూలబడేలా వేయడంతో ఆస్టిన్ తల తొడల కిందికి జారి ఉండిపోయింది. పడిన ఆస్టిన్ కదల్లేకపోయాడు. ఓవెన్ ప్రేక్షకుల వైపు తిరిగి ఏదో కవ్విస్తున్నట్టు నటిస్తూ అతనికి వ్యవధి ఇచ్చాడు. కాసేపటికి ఆస్టిన్ పాక్కుంటూ వచ్చి గెలిచి ఆట ముగించాడు. ఆనాటి వీడియో చూసినవాళ్లకు గెలిచినవాడే కనిపిస్తాడు. తర్వాత అతనికి మెడ పూసలు అతికించే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, 2003లో క్రమం తప్పని పోటీలకు స్వస్తి చెప్పాడు. అమ్మా, కాసేపు కాళ్లూ చేతులూ పనిచేయకుండా పోయి మళ్లీ రావడం. మీ బాబు గురించి మీరు రాసింది చదవగానే నాకు గుర్తొచ్చింది ఇదే.

అందరూ ఆస్టిన్‌లా లేవలేదు. 1999 అక్టోబరులో డారెన్ డ్రోజ్‌డోవ్ అనే రెజ్లర్‌కు పవర్‌బాంబ్ (పైకెత్తి వీపు మీద పడేసే పట్టు) వేస్తుండగా పట్టు జారింది. మెడ విరిగి, 2023లో చనిపోయేదాకా వీల్‌ఛైర్‌లోనే బతికాడు. జపాన్‌లో మిత్సుహారు మిసావా అంటే పడటంలో ఆరితేరినవాడని పేరు. 2009 జూన్ 13న హిరోషిమాలో ఒక బ్యాక్ సూప్లెక్స్ (వెనక నుంచి పట్టి ఎత్తి వెనక్కి పడేసే పట్టు) తర్వాత రింగులోనే కుప్పకూలి ఆ రాత్రే కన్నుమూశాడు. అతనికి 46 ఏళ్లు. టీవీలో వచ్చే ఈ పోటీలను నడిపే డబ్ల్యూడబ్ల్యూఈ సంస్థ, మెడకు ప్రమాదమని 2000లోనే పైల్‌డ్రైవర్‌ను ఒకరిద్దరికి తప్ప నిషేధించింది, 2010లో తల మీద కుర్చీతో కొట్టడాన్నీ ఆపేసింది. ఆరితేరినవాళ్లకే వద్దన్న పట్టు అది.

పరుపు కాపాడుతుందన్న నమ్మకం అన్నిటికంటే ప్రమాదం. మెడ సహజంగా కాస్త వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపే దెబ్బను విల్లులా వంగి తట్టుకుంటుంది. గడ్డం కిందికి దించితే ఆ వంపు పోయి మెడ కర్రలా నిటారవుతుంది. అప్పుడు నడినెత్తి మీద పడితే బరువు నేరుగా పూసల మీదికి దిగుతుంది. గట్టి నేల మీదైతే తల కనీసం పక్కకు జారే అవకాశం ఉంటుంది. మెత్తటి పరుపులో తల గుంటలో ఇరుక్కుపోతుంది, వెనకాల ఒంటి బరువు మాత్రం వస్తూనే ఉంటుంది. వీపు మీద పడితే పరుపు మేలు చేస్తుంది. తల మీద పడితే చెయ్యదు.

పుస్తకం పట్టుకుంటే తలనొప్పి అనడం కంకషన్ లక్షణం కావచ్చు, అంటే మెదడు కుదుపుకు లోనై ఉండవచ్చు. చదువు కొద్దికొద్దిగా, తలనొప్పి పెరగనంత మేరకే చేయించండి. ఫోను తగ్గించండి. నొప్పికి వైద్యుడు బరువును బట్టి చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్ వద్దు. పూర్తిగా తగ్గకముందే మళ్లీ తలకు దెబ్బ తగలకూడదు. 2001లో కాలిఫోర్నియాలోని ఒక రెజ్లింగ్ శిక్షణ కేంద్రంలో, అంతకుముందే కంకషన్ అయిన యువకుణ్ని మళ్లీ రింగులోకి దించారు. ఇంకోసారి పడి చనిపోయాడు. 2005లో జ్యూరీ ఆ కేంద్రానిదే బాధ్యత అని తేల్చింది.

పదేపదే వాంతులు, మగతగా ఉండటం, తలనొప్పి ఎక్కువవుతూ పోవడం, ఫిట్స్, నడకలో తూలడం, చేతిలో వస్తువులు జారిపోవడం, మూత్రం మీద అదుపు తప్పడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా పడుకోబెట్టి, తలకు రెండు పక్కలా చేతులు ఆనించి కదలకుండా పట్టుకోండి. దిండు పెట్టవద్దు, లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించవద్దు.

టీవీ ఆపేయాలా అని మీరు అడగలేదు కానీ చాలామంది అడుగుతారు. మా తరం రెజ్లర్ల బొమ్మలున్న ట్రంప్ కార్డుల కోసం జేబు ఖర్చంతా పెట్టింది. 2023 సెప్టెంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి రెజ్లర్ జాన్ సీనా వచ్చినప్పుడు పిల్లల సంబరం నేనూ చూశాను. ఆ ఇష్టాన్ని తప్పు పట్టను. పక్కన కూర్చుని ఎవరు ఎవరికి ఎలా సాయపడుతున్నారో చూపించండి, ఆ సాయం నేర్చుకోవడానికి ఎన్ని నెలలు పడుతుందో చెప్పండి. ఎత్తి పడేయడం, మెడ చుట్టూ చెయ్యి బిగించడం ఇంట్లో ఎవరూ చేయకూడదన్నది మాత్రం బేరం లేని మాట. మీ అక్క కొడుకును తిట్టకండి. తిడితే ఇంకోసారి ఇలాంటిది జరిగినప్పుడు పిల్లలు దాచేస్తారు. ఎంత ఎత్తు నుంచి, ఎలా పడ్డాడో సరిగ్గా చెప్పగలిగింది వాడొక్కడే. వాణ్ని అడిగి కాగితం మీద రాసుకోండి.

ఆ కాగితం, ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని వెళ్లండి. వైద్యుడి ఎదుట కూర్చోగానే 'మెడ నొప్పి' అని మొదలుపెట్టవద్దు. 'తల మీద పడ్డాడు, రెండు చేతులూ తిమ్మిరెక్కి కాళ్లు సహకరించలేదు, ఐదు నిమిషాలకు తగ్గింది' అని చెప్పండి.