గెడ్డలో రాలిన ఆకులు ఎత్తేయాలా?

కాఫీ తోట పక్క గెడ్డలో, అంటే కొండవాగులో, ఆకులు పేరుకుపోయి, వాటి కింద పురుగులు తిరుగుతున్నాయి, తీయించెయ్యాలా అని అడిగారు. నీళ్లు పారుతుంటే వద్దంటాను. ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టుకి చింతపల్లి వైపు గెడ్డల్లో పనిచేశాను. వల సంచుల్లో ఆకులు నింపి, నీళ్లలో రాళ్లకు కట్టి, కొన్నాళ్లకు తీసి తెల్ల ట్రేలో కడిగి పురుగులు ఏరేవాళ్లం.

ఆకు పడగానే దాన్ని తినేవి తక్కువ. ముందు ఆకులోని టానిన్లు (వగరు పదార్థాలు), చక్కెరలు నీళ్లలోకి దిగిపోతాయి. తర్వాత బూజు పట్టి ఆకు మెత్తబడుతుంది. అప్పుడొస్తాయి క్యాడిస్ ఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలు, ఇవి నీళ్లలోనే పెరుగుతాయి. వాటిలో ఒక రకం ఆకుముక్కలు కత్తిరించి, పైనొకటి కిందొకటి అతికించుకుని ఆ గూడుతోనే తిరుగుతుంది. ట్రేలో ఆకుముక్క నడిస్తే గానీ అది పురుగని తెలియదు!

నిజానికి చలిదేశాల వాగుల్లో ఉన్నన్ని ఆకు కొరికే పురుగులు మన వెచ్చటి నీళ్లలో సాధారణంగా ఉండవు. ఇక్కడ ఆ పనిలో ఎక్కువ భాగం బూజు, బ్యాక్టీరియాలది, కొన్నిచోట్ల ఎండ్రకాయలు, రొయ్యలది. అయినా సంచుల్లో అన్ని రకాలు దొరికేవంటే, చాలావాటికి ఆకు కావలసింది చోటు కోసం. మేఫ్లై అనే మరో రెక్కల పురుగు పిల్లలు ఆకు మీది జిగురు పొరను గోకి తింటాయి. వాటిని పట్టుకోవడానికి తూనీగ పిల్లలు ఆకు చాటునే నక్కుతాయి.

1990లలో అమెరికాలో నార్త్ కరోలినా కొండల్లో ఒక వాగుపై వల కట్టి ఆకులు పడకుండా ఆపితే, పురుగులు బాగా తగ్గిపోయాయి. నాచు బండల మీద ఉండేవాటికి మాత్రం పెద్ద తేడా రాలేదు.

ఏ చెట్టు ఆకన్నదీ ముఖ్యమే. మా సంచుల్లో కానుగ ఆకు తొందరగా కరిగి, ఈనెలే మిగిలేవి. నీలగిరి, సిల్వర్ ఓక్ ఆకులు చాలాకాలం అలాగే ఉండేవి. మెత్తటి ఆకు తిండి, గట్టి ఆకు నీడ, రెండూ కావాలి. అందుకే తోటంతా సిల్వర్ ఓకే ఉన్నా, గెడ్డ గట్టున కానుగ, నేరేడు, మద్ది ఉంచండి.

ఎండాకాలంలో నీళ్లు ఆగి మడుగు కట్టిన చోట సంగతి వేరు. ఆకు కుళ్లి ఆక్సిజన్ పడిపోతే ఎర్ర పురుగుల్లాంటి కొన్నే మిగులుతాయి. అక్కడ, నీళ్లు తీసుకునే పైపు జాలీ ఉంటే దాని దగ్గర కాస్త తీయించండి. మిగతాది వానాకాలం వరద ఎలాగూ ఈడ్చుకుపోతుంది. పురుగులున్నాయి కదా, మంచినీళ్లేనని మాత్రం నేరుగా తాగకండి, కాచుకోండి.