నురగకు తెల్లరంగా?

తమ్ముడూ,

నీ కథ అందింది. తల్లి చీర చెంగుతో కుంచె తుడిచిన చోట ఆగిపోయాను. కానీ కళింగపట్నం ఒడ్డున నీ చిత్రకారుడు తెల్లరంగు తీసి కెరటం నురగకు అద్దాడే, అక్కడ ఒళ్లు మండింది.

అతను పారదర్శకమైన నీటిరంగులు తప్ప ముట్టడని మొదటి పేజీలో నువ్వే రాశావు. అలాంటివాడికి తెలుపంటే కాగితమే. నురగ ఎక్కడుండాలో ముందే తేల్చుకుని, ఆ చోటు వదిలేసి చుట్టూ నీలం నడుపుతాడు. పైగా రంగు వేయగానే ఆరిపోయిందట! శ్రావణంలో, ఆ తేమగాలిలోనా? ఆరకముందే రెండో పూత వేస్తే రంగులు ఒకదాంట్లోకొకటి పాకుతాయి. ఆరేదాకా ఆగితే, అతను గీయాలనుకున్న తెప్పను జాలర్లు నీళ్లలోకి తోసుకుపోతారు. నీ కథంతా ఆ కాసేపట్లోనే ఉంది. నువ్వక్కడ జీవితం గురించి ఉపన్యాసం పెట్టావు.

పని తెలియకుండా పనివాడి మనసు రాయలేం. చచ్చేదాకా ఈ మాటే అంటాను. పొందూరు ఖద్దరు మీద కథ రాసేటప్పుడు ఆడవాళ్ల పక్కన కూర్చుని, వాలుగ చేప దవడతో పత్తి ఏకడం చూసి రాశాను. ఒక సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేశాడు. 'ఇదంతా ఎందుకండీ, సంఘర్షణ పెంచండి' అన్నాడు. నాలుగుచోట్ల 'ఏటి', 'నాను' తగిలిస్తే ఉత్తరాంధ్ర వాసన వస్తుందట! చేప దవడ తీసేశాక అది పొందూరు కథ ఎలా అవుతుంది? డబ్బుకి కటకటలాడే రోజులు, అయినా కథ వెనక్కి తీసేసుకున్నాను. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

నీవాణ్ణి వడ్డాది పాపయ్యగారితో పోల్చావు. ఆయన శ్రీకాకుళంలో పుట్టినవారే, కానీ ఆయన కుంచె పురాణాల వైపు నడిచింది. నీవాడు వలలు బాగుచేసుకునే ముసలాయన్ని గీసేవాడు. ఆ పోలిక తీసెయ్.

ముగింపులో సూర్యుణ్ణి సముద్రంలో ముంచావు. మన తీరాన సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ అందులోకి దిగడు. సాయంత్రపు ఎండ అతని వీపు వెనక నుంచి వస్తుంది, తెప్పల నీడలు నీళ్ల వైపు సాగుతాయి.

ఏ పత్రికకు పంపాలన్నది తరవాతి సంగతి. ముందు మంచి కాటన్ కాగితం, రెండు రంగులు కొనుక్కుని ఆ ఒడ్డున కూర్చో. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి గోధుమరంగు కలిపి వానమబ్బు వెయ్. తడిలో ముదురుగా కనిపించిన మబ్బు ఆరాక ఎంత తేలిపోతుందో చూడు. బొమ్మ పాడైతే పోనీ. ఇంటికొచ్చి తెప్ప వెళ్లిపోయే ఘట్టం ఒక్కటే తిరగరాసి పంపు.

మీ అన్నయ్య,
విజయనగరం