బర్రె నరాలు చచ్చిపోలే, ఆఫ్ బటన్ ఇరుక్కపోయింది

ప్రశ్న: మాది మునుగోడు దగ్గర పల్లె. పత్తికి మోనో (మోనోక్రోటోఫాస్ పురుగుమందు) కొట్టిన తెల్లారి ఒడ్డు మీది గడ్డి కోసి బర్రెకేసినం. కాసేపటికే చొంగ కారుడు, పెండ పలచగ, ఒళ్లంతా వణుకు. డాక్టర్ సారు అట్రోపిన్ సూది ఇస్తే చొంగ ఆగింది గని తొడ కండలు ఇంకా అదురుతనే ఉన్నయి. నరాలు చచ్చిపోయినయి, అమ్మేయమంటున్నరు ఊళ్లె. నిజమేనా?

జవాబు: అన్నా, అమ్మొద్దు. ముందు ఈ పూటనే డాక్టరును మళ్లా పిలవండి, దొరక్కపోతే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ కొట్టండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

నరం అంటే ఒక్క తీగ కాదు, సన్న దారాల కట్ట. ఒక్కో దారం ఒక నాడీకణం తోక, దాన్నే ఆక్సాన్ అంటరు. కణం తలకాయ వెన్నుపాములో ఉంటది, చుట్టూ చెట్టు కొమ్మల్లెక్క డెండ్రైట్లు, అవి కబురు అందుకుంటయి, తోకేమో మీ బర్రె కాలి కండ దాకా పోతది. చానా తోకలకు మయిలిన్ అనే కొవ్వు తొడుగు, మీ సర్వీస్ వైరుకు రబ్బరున్నట్టే. కానీ లోపల పారేది మోటరు కరెంటు లాంటిది కాదు. కణం లోపల బయటికంటే 70 మిల్లీవోల్టులు మైనస్ ఉంటది, టార్చ్ సెల్లులో ఇరవయ్యో వంతన్నమాట. కబురు రాంగనే సోడియం గేట్లు తెరుసుకుంటయి, బయటి సోడియం లోపలికి దూకుతది, అది పక్క గేటును తెరుస్తది, అది ఆ పక్కదాన్ని, మడవ మడవ దాటి నీళ్లు పోయినట్టు పోతది, వెనకాలనే పొటాషియం బయటికెళ్లి మళ్లా మైనస్ చేస్తది. తొడుగున్న లావు దారాల్ల ఇది సెకనుకు 100 మీటర్లు కూడా ఉరుకుతది.

మీ బర్రెకు ఇక్కడి దాకా ఏం కాలే. కిరికిరి అంతా చివర్ల. తోక కొసకూ కండకూ నడుమ వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని సందు ఉంటది, కరెంటు దాన్ని దాటలేదు గనక కొసలోంచి అసిటైల్‌కోలిన్ అనే రసం చిమ్ముతది, అది తగిలితే కండ బిగుస్తది. ఎంబడే ఒక ఎంజైము ఆ రసాన్ని ముక్కలు చేస్తది, అప్పుడే కండ వదులైతది. స్టార్టర్‌కు ఆఫ్ బటన్ ఎట్లనో ఇదట్ల. మోనోక్రోటోఫాస్ పోయి పట్టుకునేది ఈ ఎంజైమునే. ఆఫ్ అయ్యేది లేదు, రసం సందులనే ఉంటది, కండ అదురుతనే ఉంటది. పత్తి మీది పురుగు చచ్చేది కూడా నరాల్ల ఇదే దెబ్బకు.

అట్రోపిన్ చొంగను, పేగులను, ఊపిరితిత్తుల్ల నీరును ఆపుతది, ప్రాణం నిలబెట్టేది అదే, కానీ కాలి కండ మీద పని చెయ్యదు. అందుకే అదురుడు ఆగలే, డాక్టరు తప్పేం లేదు. ఇరుక్కున్న ఎంజైమును విడిపించే సూది వేరే ఉంది, ప్రాలిడాక్సిమ్, లేటయితే పురుగుమందు ఎంజైముకు గట్టిగ అతుక్కుంటది, ఇంక ఆ సూది పట్టదు, తొందర పెట్టేది అందుకే. అది దొరకకపోయినా ఒళ్లు కొత్త ఎంజైమును తయారు చేసుకుంటది, కాకపోతే రోజులు పడ్తది.

మందు డబ్బా పారేయకుండ్రి, లేబుల్ డాక్టరుకు చూపించాలె. బర్రె మీద మందు పడి ఉంటే గ్లవుజులు తొడుక్కుని సబ్బు నీళ్లతో కడగండి, మిగిలిన గడ్డి పూడ్చిపెట్టండి. పాలు డాక్టరు చెప్పేదాక ఇంట్ల వాడొద్దు, కేంద్రానికి పోయొద్దు, దూడను కూడా పొదుగు దగ్గరికి రానియ్యొద్దు.